మధురవాడలో బండికి కరెంటు ఎక్కడ?

సభకు నమస్కారం.

విశాఖ ఇప్పుడు అంచుల్లోనే పెరుగుతోంది. మధురవాడ, కొమ్మాది, ఆనందపురం వైపు లేచిన అపార్టుమెంట్ల కింద ఆకుపచ్చ నంబరు ప్లేట్ల ఎలక్ట్రిక్ బండ్లు నిలబడి ఉంటున్నాయి. వాటికి ఊళ్లో కరెంటు ఎక్కడ దొరుకుతుందన్నదే నా ఈనాటి మాట.

ఫోనులో యాప్ తెరిస్తే ఛార్జర్లకు కొదవ లేదు. దగ్గరకు వెళ్లి చూడండి. ఎండకు తెర వెలిసిపోయి అక్షరాలు కనిపించవు. బండికి తగిలించే ప్లగ్గు, అదే గన్, తీసి పట్టుకుంటే లోపలి పిన్నుల మీద తెల్లటి పొర. ఛార్జింగుకు కేటాయించిన చోట పెట్రోలు కారు నిలిపి ఉంటుంది. పోనీ, పక్కన ఆపుదామంటే కేబుల్ చాలదు. ఛార్జింగ్ పోర్టు కొన్ని కార్లకు ముందు, కొన్నింటికి వెనుక పక్కన ఉంటుంది మరి. సముద్రపు ఉప్పుగాలికి ఇంటి కిటికీ ఊచలే తుప్పు పడుతున్న ఊరు మనది. ఇక్కడ ఛార్జరు పెట్టి, మూత లేకుండా, నెలనెలా తుడిచి చూసే మనిషి లేకుండా వదిలేస్తే అది ఎన్నాళ్లు ఉంటుంది?

నగరాల్లో 3 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పున్న ప్రతి గడిలో కనీసం ఒక పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. స్టేషన్ పెట్టడానికి లైసెన్సు కూడా అక్కర్లేదంది. మంచిదే. కానీ గడికొకటి పెట్టి లెక్క చూపిస్తే సరిపోదు. చెడిపోయిన ఛార్జరును లెక్కలోంచి తీసేయాలి. నా పట్టుదలంతా దీని మీదే. అక్కడ ఛార్జరు ఉందనుకుని చివరి పది శాతం బ్యాటరీతో వచ్చినవాడిని చెడిపోయిన ఛార్జరు నడిరోడ్డు మీద నిలబెడుతుంది. అసలు లేకపోతే అతను అటు వచ్చేవాడే కాదు.

నిజానికి సొంత పార్కింగులో సాకెట్ ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. 30 యూనిట్ల బ్యాటరీ 3.3 కిలోవాట్ల ఛార్జరు మీద రాత్రంతా, అంటే తొమ్మిది పది గంటల్లో నిండుతుంది. కొత్త భవనాల పార్కింగులో 20 శాతం వాహనాలకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలను సవరించింది. పాత అపార్టుమెంట్లలోనే పేచీ. మంటలొస్తాయని, కామన్ మీటరు బిల్లు ఎవరు కడతారని సంఘాలు అడ్డుపడుతున్నాయి. భయం సహజమే, దాన్ని కొట్టిపారేయను. సరైన ఎర్తింగ్, కరెంటు ఎక్కువైతే తనంతట కట్టేసే ఎంసీబీ స్విచ్చి విడిగా, ఎవరి మీటరు నుంచి వారికే కేబుల్: ఈ మూడూ ఉంటే ఆ రెండు అభ్యంతరాలకూ జవాబు దొరుకుతుంది.

ఇరుకు ఇళ్లలో అద్దెకుంటూ ఎలక్ట్రిక్ ఆటో నడిపేవారికి ఆ వీలు లేదు. బండి ఆగిన గంట వారికి కూలి పోయిన గంట. పబ్లిక్ ఛార్జరు ముందు వారికి అందాలి. రైతుబజారు దగ్గర, ఆటో స్టాండుల దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పెట్టండి. మాల్ సెల్లారులో పెడితే వారికేం ఉపయోగం?

నగరపాలక సంస్థ జీవీఎంసీని, కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ను మనం అడగవలసింది ఇది: ప్రతి ఛార్జరు మీద బాధ్యుడి ఫోన్ నంబరు, చెడిపోతే బాగుచేయడానికి గడువు, రాత్రి దీపం, పైన కప్పు. మీ వీధి పరిసరాల్లో పనిచేయని ఛార్జర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోతో సహా బయట బల్ల దగ్గర రాయించి వెళ్లండి. ఆ జాబితాను అర్జీకి జత చేసి ఇద్దాం.