ఆ గది అందరిదీ: అమెరికా హైస్కూళ్లలో జీఎస్‌ఏ క్లబ్

"వాడు జీఎస్‌ఏ క్లబ్‌కి వెళ్తున్నాడట, అయితే వాడూ గేనే అన్నమాట!" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. జీఎస్‌ఏ అంటే గే-స్ట్రెయిట్ అలయన్స్, గే పిల్లలూ (తమలాంటి జెండర్ వాళ్లనే ఇష్టపడేవాళ్లు) స్ట్రెయిట్ పిల్లలూ (అవతలి జెండర్‌ని ఇష్టపడేవాళ్లు) కలిసి స్కూల్లో పెట్టుకునే క్లబ్. స్ట్రెయిట్ అని పేరులోనే ఉంది కదండీ! ఈమధ్య చాలామంది జెండర్స్ అండ్ సెక్సువాలిటీస్ అలయన్స్ అంటున్నారు, అక్షరాలు మాత్రం అవే.

అసలు ఆ పేరుతో మొదటి క్లబ్ పుట్టిందే ఒక స్ట్రెయిట్ అమ్మాయి వల్ల. 1988లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ అకాడమీలో కెవిన్ జెన్నింగ్స్ అనే హిస్టరీ టీచర్ దగ్గరికి వెళ్లింది ఆ అమ్మాయి. వాళ్లమ్మ లెస్బియన్. అమ్మని కించపరిచే మాటలు వినీ వినీ విసిగిపోయింది. ఏదో ఒకటి చేయాలంది. అలా మొదలైంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. చివరి గంట కొట్టాక ఖాళీగా ఉండే ఒక క్లాస్‌రూమ్‌ని ఊహించుకోండి. తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గర ఉంది. చెస్ ఆడే పిల్లలు అడిగితే ఇచ్చారు. బైబిల్ చదువుకునే పిల్లలు అడిగితే ఇవ్వలేదు. ఇలాంటి గొడవలు తేల్చడానికే 1984లో అమెరికా కాంగ్రెస్ ఈక్వల్ యాక్సెస్ యాక్ట్ తెచ్చింది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే ప్రభుత్వ హైస్కూల్, పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్‌కి గది ఇచ్చినా సరే, మాట్లాడుకునే విషయం నచ్చలేదని ఇంకో క్లబ్‌ని కాదనకూడదు. 1990లో నెబ్రాస్కాలోని ఒక బైబిల్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం చెల్లుతుందని చెప్పింది.

చట్టం తెచ్చినవాళ్ల మనసులో ఉన్నది ప్రార్థన క్లబ్బులే. కానీ బైబిల్ పిల్లలకి తలుపు తీసిన తాళంచెవే జీఎస్‌ఏ పిల్లలకీ తీసింది!

1996లో యూటాలోని సాల్ట్ లేక్ సిటీలో, ఈస్ట్ హైస్కూల్ విద్యార్థులు జీఎస్‌ఏ పెట్టుకుంటామన్నారు. వాళ్లొక్కరినే వద్దనడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని స్కూల్ బోర్డు చదువుతో సంబంధం లేని క్లబ్బులన్నింటినీ రద్దు చేసింది. మన లెక్కలో చెప్పాలంటే గదికే తాళం వేసేశారు. చెస్ పిల్లలూ బైబిల్ పిల్లలూ కూడా వరండాలోనే. ఆ చట్టం కోసం గట్టిగా నిలబడ్డ సెనేటర్ ఆరిన్ హ్యాచ్‌ది కూడా యూటానే. 2000లో గానీ ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటే. క్లబ్ పోయిన పిల్లల కోపం బోర్డు మీదకి కాకుండా, అడిగిన ఆ నలుగురి మీదకి మళ్లుతుంది. పెద్దవాళ్లు చేయకూడని పని అది.

మరి లోపల ఏం జరుగుతుంది? కుర్చీలు గుండ్రంగా జరుపుకుంటారు. పేరు చెప్పి, తనని ఎలా పిలవాలో చెబుతారు. మాట్లాడాలని లేకపోతే బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవచ్చు. నువ్వు గేనా, స్ట్రెయిటా అని నిలదీసి అడగరు. అందుకే స్ట్రెయిట్ ఫ్రెండ్స్ రావడం అంత ముఖ్యం. గే పిల్లలు మాత్రమే వెళ్లే గదైతే, ఆ తలుపు తోయడమే గుట్టు రట్టు చేసుకోవడం అవుతుంది. ఇంట్లో ఇంకా చెప్పని పిల్లవాడు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతాడు. అన్ని రకాల పిల్లలూ వెళ్తుంటే, ఎవరు ఎందుకు వెళ్లారో బయటివాళ్లకి తెలియదు. "వెళ్తే గేనే" అనే మాట సరిగ్గా ఈ రక్షణనే తీసేస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఈ చట్టం ప్రైవేటు స్కూళ్లకి వర్తించదు. మొదటి జీఎస్‌ఏ పుట్టిన కాంకర్డ్ అకాడమీ కూడా ప్రైవేటుదే. క్లబ్ పెట్టాల్సింది విద్యార్థులే, బయటివాళ్లు వచ్చి నడపకూడదు. మీటింగ్ క్లాసులు జరిగే టైమ్‌లో ఉండకూడదు. మీ స్కూల్లో జీఎస్‌ఏ పెట్టాలనుకుంటే, మిగతా క్లబ్బులు నింపిన ఫారమే మీరూ నింపండి. కాదంటే కారణం రాసిమ్మనండి. ఇంకే క్లబ్బులు నడుస్తున్నాయో లిస్టు అడగండి. అందులో చెస్ క్లబ్ కనిపిస్తే ఆ గది తెరిచే ఉన్నట్టు.