గ్యాస్ గీజర్ హీట్ ఎక్స్ఛేంజర్: లోపలి ఉప్పు, బయటి మసి

విశాఖపట్నం నుంచి ప్రేక్షకులకు నమస్కారం. నా ముందు బల్ల మీద మూత విప్పి పెట్టిన ఈ ఆరు లీటర్ల గ్యాస్ గీజర్ పెదవాల్తేరులోని మా ఇంటిదే. నెల రోజులుగా దీని మీద ఇంట్లో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. మంట పూర్తిగా పెట్టినా నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయన్నది మొదటిది, గీజర్ అడుగు నుంచి చుక్కలు పడుతున్నాయన్నది రెండోది.

ముందుగా చుక్కల సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే చుక్క కనబడగానే బాడీ పోయిందని, కొత్తది వేయాలని తొందరపెట్టేవారు ఉంటారు. వంటగ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఒక కిలో గ్యాస్ కాలితే సుమారు కిలోన్నర నీరు ఆవిరి రూపంలో బయటికి పోతుంది. గీజర్ వెలిగించిన మొదటి నిమిషాల్లో మంట పైన ఉండే రాగి రేకులు ఇంకా చల్లగా ఉంటాయి కనుక, ఆ ఆవిరి వాటికి తగిలి చెమటలా పట్టి బర్నర్ మీదికి జారుతుంది. రేకులు వేడెక్కాక ఆ చుక్కలు ఆగిపోవాలి. అనుమానం తీరాలంటే గ్యాస్ కట్టేసి, లోపలంతా గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, నీళ్ళు బయటికి వచ్చే కుళాయి మూసి, లోపలికి వచ్చే కుళాయి తెరిచి ఒక గంట వదిలేయండి. మంట లేకుండా చుక్క పడితే అది కారడమే. మాది పడలేదు.

ఇక అసలు విషయం. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు పదిన్నర కిలోవాట్ల శక్తి కావాలి; మామూలు 3 కిలోవాట్ల కరెంటు గీజర్లు మూడున్నర కలిస్తే అంత. ఆ వేడంతా మంట నుంచి నీటిలోకి దాటవలసింది హీట్ ఎక్స్ఛేంజర్ అనే ఈ చిన్న రాగి డబ్బా గుండానే. పైన దగ్గర దగ్గరగా పేర్చిన పలుచని రేకులు, వాటి మధ్య నుంచి వెళ్ళే గొట్టం, డబ్బా చుట్టూ చుట్టిన మరో గొట్టం, వీటన్నిటి మీద వెండిలా మెరిసే పూత. ఆ పూత మన ఇళ్ళలో ఇత్తడి గిన్నెలకు పూసే కళాయి వంటిదే. దీనికి రెండు ముఖాలున్నాయి, లోపల నీరు, బయట మంట. మనలో చాలామంది లోపలి ముఖం గురించే ఆలోచిస్తారు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం బయటిది.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ మూలలో రేకుల మధ్య సందులు చూడండి. వెలుతురు అవతలికి కనబడాలి. ఇక్కడ నాలుగైదు సందులు నల్లటి మసితో పూడిపోయాయి. కాలిన వాయువులు పైకి పోయే దారి ఇదే. దారి మూసుకుంటే మంటకు గాలి అందక పసుపు రంగుకు తిరుగుతుంది, పసుపు మంట ఇంకా మసి చేస్తుంది, ఆ మసి ఇంకొన్ని సందులు మూస్తుంది. ఇలా సరిగా కాలని గ్యాస్ నుంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. తలుపు వేసుకున్న స్నానాలగదిలో మనిషి స్పృహ తప్పేది దానివల్లే. గీజర్‌ను స్నానాలగది లోపల పెట్టకూడదని, గాలి ఆడే చోట బయట పెట్టి గొట్టం మాత్రమే లోపలికి తీసుకోవాలని చెప్పేది అందుకే. మా బాల్కనీలో సముద్రపు గాలికి ఉప్పుతేమ చేరి రాగికి చిలుము త్వరగా పడుతుంది, నిజమే. ఆ నష్టం డబ్బుతో పోయేది కనుక నేను దానినే ఎంచుకున్నాను.

శుభ్రం చేసే ముందు రెగ్యులేటర్ కట్టేసి, రెండు బ్యాటరీలూ తీసి, నీటి కుళాయి మూసి, లోపలి నీరు పూర్తిగా వదిలేయాలి. నట్టు విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడండి. ఒకదానితో గొట్టం వైపు పట్టుకోకపోతే పలుచని రాగి మెలి తిరుగుతుంది. డబ్బాను బర్నర్ మీద నుంచి వేరు చేశాకే బ్రష్ పట్టాలి, లేకపోతే రాలిన మసి వెళ్ళి బర్నర్ రంధ్రాల్లో కూర్చుంటుంది. పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్ళు చాలు. ఇనుప బ్రష్ కళాయిని గీరేస్తుంది, స్క్రూడ్రైవర్ రేకులను వంచేస్తుంది.

లోపలి ముఖానికి వద్దాం. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కరగని కార్బనేటుగా గొట్టం గోడకు అంటుకుంటుంది. మనం ఉప్పు పట్టిందనేది దీనినే. రాగితో పోలిస్తే ఈ పొర వేడిని వందల రెట్లు తక్కువగా దాటనిస్తుంది. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి వంటి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీటితో అంత బాధ ఉండదు; మా అపార్ట్‌మెంటులో లాగా తొట్టిలో బోరు నీరు కలిసే చోటే ఇది వేగంగా పేరుకుంటుంది. మంట వెలగగానే గొట్టంలో బుడబుడమని చప్పుడు వినిపిస్తే పొర మందమైందని నేను అనుమానిస్తాను.

చింతపండు పెట్టి రాగి చెంబు తోమినట్టే, దీనికీ మెత్తని పులుపే మందు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 50 గ్రాములు లీటరు గోరువెచ్చని నీటిలో కలిపి, కింది మూతి నుంచి మెల్లగా నింపండి, గాలి పై మూతి నుంచి పోతుంది. డయాఫ్రం అనే రబ్బరు పొర ఉన్న నీటి వాల్వులోకి ఇది పోకూడదు. నురగ ఆగేదాకా, అంటే అరగంట నుంచి గంట వరకు ఉంచి, పారబోసి, మంచినీళ్ళతో నాలుగైదుసార్లు కడగాలి. రాత్రంతా వదిలేయకండి.

ఇదిగో, ఇది మా గీజర్‌కు ఇంతకుముందు ఉన్న ఎక్స్ఛేంజర్. దీనిని శుభ్రం చేయడానికి వచ్చిన మెకానిక్ మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోశాడు. పది నిమిషాల్లో మెరిసింది, రెండు నెలల్లో రేకుల నడుమ సూదిమొన అంత చిల్లు పడింది. దానికి మాటు వేయించాను, అదీ నిలవలేదు. సీసం, తగరం కలిసిన మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. గొట్టంలో నీరున్నంతసేపు అది నిలుస్తుంది కానీ, ఒక్కసారి నీరు లేకుండా మంట తగిలితే జారిపోతుంది. వెండి కలిసిన కడ్డీతో అతికించవచ్చు, అయితే దానికి ఆరువందల డిగ్రీలు దాటిన వేడి కావాలి, ఆ వేడికి పక్క రేకుల అతుకులు ఊడతాయి. అందుకని బయట చుట్టిన గొట్టం మీద చిల్లు పడితే మాటు వేయించండి, రేకుల మధ్య పడితే డబ్బు వృథా చేయకుండా కొత్తది కొనండి.

బిగించేటప్పుడు వాషర్లు కొత్తవి వేశాను. గ్యాస్ అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి బుడగ రాకపోవడం చూశాకే బ్యాటరీలు పెడుతున్నాను. అగ్గిపుల్లతో చూసే పద్ధతి ఎవరు చెప్పినా వినకండి. కుళాయి తిప్పుతున్నాను. మంట అంచు నుంచి అంచు దాకా నీలంగా ఉంది, ఎడమ మూలలో మాత్రం కాస్త పసుపు కనబడుతోంది, అక్కడ బర్నర్ రంధ్రాలను మళ్ళీ ఒకసారి విప్పి తోమాలి. అడుగున మూడు చుక్కలు పడ్డాయి. నాలుగోది పడలేదు.