ఏడేళ్లంటే ఏడేళ్లే: ఒలీవియా డి హావిలాండ్

అందరికీ నమస్కారం.

ఇంకాసేపట్లో మనం 'ది ఎయిరెస్' చూడబోతున్నాం. 1949లో వచ్చిన సినిమా. అందులో హీరోయిన్ ఒలీవియా డి హావిలాండ్ గురించి ముందుగా కాసేపు మాట్లాడమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఎందుకంటే మనలో చాలామందికి ఆమె 1939 నాటి 'గాన్ విత్ ది విండ్'లో మెలనీగానే గుర్తు. మెత్తగా మాట్లాడే, ఎవరినీ నొప్పించని, చివరికి మంచం పట్టి కన్నుమూసే మెలనీ. ఆ పాత్ర వేసిన మనిషి నాలుగేళ్లు తిరక్కుండానే తన స్టూడియోను కోర్టుకెక్కించి, గెలిచి, హాలీవుడ్‌లో నటుల ఒప్పందాల తీరునే మార్చేసింది. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఆ కేసే లేకపోతే ఇవాళ మనం చూడబోయే సినిమాలో ఆమె ఉండేది కాదని నా నమ్మకం. నేను చెప్పదలచుకున్నది అదే.

ఆమె 1916 జూలై 1న టోక్యోలో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ ఇంగ్లండువాళ్లు. తండ్రి వాల్టర్ అక్కడ పేటెంట్ల లాయరు, తల్లి లిలియన్ రంగస్థల నటి. మరుసటి ఏడు చెల్లెలు జోన్ పుట్టింది. 1919లో కుటుంబమంతా జపాన్ నుంచి బయల్దేరింది. కాలిఫోర్నియా చేరేసరికి పిల్లలకు జబ్బు చేయడంతో అక్కడే ఆగిపోయి, సారటోగా అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. తండ్రి మాత్రం తిరిగి జపాన్ వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మారుతండ్రి జార్జ్ ఫాంటెయిన్ చాలా కఠినుడు. స్కూలు నాటకంలో వేషం వేస్తానంటే, అలాగైతే ఈ ఇంట్లో ఉండొద్దన్నాడు. ఒలీవియా నాటకాన్నే ఎంచుకుని ఇల్లు వదిలేసింది. అప్పటికింకా స్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. తర్వాత జరిగిన వాటన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. నటించనివ్వకపోతే ఆ పిల్ల ఇల్లయినా వదులుకుంటుంది.

1934లో సారటోగా నాటక బృందం షేక్స్‌పియర్ 'ఎ మిడ్‌సమర్ నైట్స్ డ్రీమ్' వేసింది. అందులో ఒలీవియాది పక్ వేషం. సరిగ్గా అదే నాటకాన్ని ప్రఖ్యాత దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ హాలీవుడ్ బౌల్ ఆరుబయలు రంగస్థలం మీద భారీగా వేయబోతున్నాడు. ఆయన మనుషులు ఈ అమ్మాయిని చూసి, హెర్మియా పాత్రకు అవసరమైతే పనికొస్తుందని తీసుకెళ్లారు. ఆ పాత్ర వేయాల్సిన గ్లోరియా స్టువర్ట్ సినిమా పని మీద తప్పుకోవడంతో అవకాశం ఈమెకు వచ్చింది. అప్పటికి ఒలీవియా చేతిలో కాలేజీ స్కాలర్‌షిప్ ఉంది, టీచరు కావాలన్నది ఆలోచన. ఆ నాటకాన్ని వార్నర్ బ్రదర్స్ సినిమాగా తీసింది, ఆమెను అందులో పెట్టుకుంది. టీచరు ఉద్యోగం ఆలోచన అక్కడితో సరి.

1935 చివర్లో 'కెప్టెన్ బ్లడ్' వచ్చింది. హీరో ఎరల్ ఫ్లిన్. అప్పటికి ఆయనెవరో జనానికి తెలియదు. సినిమా పెద్ద హిట్టయింది, ఇద్దరూ స్టార్లయ్యారు. ఆ జంట మొత్తం ఎనిమిది సినిమాల్లో కలిసి నటించింది. వాటిలో 1938 నాటి 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' టెక్నికలర్‌లో ఇప్పటికీ కళకళలాడుతూ ఉంటుంది. మేడ్ మారియన్‌గా ఆమె ఎంత బావుంటుందో! కానీ అందులో ఆమె చేసే పనేమిటో ఒకసారి గమనించండి. హీరోని ముందు అసహ్యించుకోవాలి, తర్వాత ప్రేమించాలి, మధ్యలో బందీ అవ్వాలి. ఆ ఎనిమిది సినిమాల్లో చాలావాటి వరస ఇంతే.

ఇప్పుడు ఒప్పందం సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

1936లో ఆమె వార్నర్ బ్రదర్స్‌తో ఏడేళ్ల ఒప్పందం మీద సంతకం చేసింది. అప్పటికి ఆమెకు ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. వారం జీతం. మన మద్రాసులో కూడా తొలినాళ్లలో స్టూడియోలు నటులను నెలజీతాల మీద పెట్టుకున్నాయి. ఎన్టీ రామారావు గారు విజయా సంస్థలో నెలజీతం ఒప్పందం మీదే 'పాతాళ భైరవి' చేశారు. కాబట్టి జీతమన్నది మనకు కొత్త కాదు. హాలీవుడ్ ఒప్పందంలో ఉరి బిగించేది జీతం కాదు, సస్పెన్షన్ అనే షరతు.

అదెలా పనిచేసేదంటే, ఏ సినిమా చేయాలో స్టూడియోయే చెబుతుంది. నటికి కథ నచ్చక కాదంటే సస్పెండ్ చేస్తారు. జీతం ఆగిపోతుంది. ఆ పాత్రను ఇంకొకరు చేసి సినిమా పూర్తయ్యేదాకా ఆ సస్పెన్షన్ కొనసాగవచ్చు. ఈలోగా బయట ఎక్కడా పనిచేయకూడదు. అన్నిటికంటే దారుణమేమిటంటే, ఇంట్లో కూర్చున్న ఆ వారాలన్నీ లెక్కగట్టి ఒప్పందం చివర కలుపుతారు. అంటే ఎన్నిసార్లు కాదంటే అంతకాలం బందీగా ఉండాలి. ఏడేళ్లు ఎప్పటికి ముగుస్తాయో చెప్పగలిగేది స్టూడియో ఒక్కటే.

మెలనీ పాత్ర కూడా వార్నర్ ఇచ్చింది కాదు. ఆ సినిమా నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్. ఆమెను బయటి సంస్థకు అప్పుగా ఇవ్వడానికి వార్నర్ బ్రదర్స్ అధినేత జాక్ వార్నర్ ససేమిరా అన్నాడు. ఒలీవియా ఆయన భార్య ఆన్‌ని కలిసి బతిమాలి, ఆమెతో చెప్పించి సాధించుకుంది. ఆ సినిమా బానిసత్వపు రోజులను తీపి జ్ఞాపకంలా చూపిస్తుంది. అది తప్పే, ఆ మాట చెప్పకుండా దాన్ని పొగడటం నాకిష్టం లేదు. అయినా మెలనీ పాత్రలో ఆమె చేసిన పని మాత్రం అసాధారణం. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఒక ఉత్తరాది సైనికుడు దోచుకోవడానికి ఇంట్లో దూరతాడు, కథానాయిక స్కార్లెట్ అతన్ని కాల్చేస్తుంది. చప్పుడు విని, పురిటి నీరసం తీరని మెలనీ మోయలేని కత్తిని ఈడ్చుకుంటూ మెట్ల దగ్గరికి వస్తుంది. శవాన్ని చూసి హడలిపోదు. తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలిందని ఇంట్లోవాళ్లకు అక్కడికక్కడే అబద్ధం చెప్పి, అతని సంచి వెతుకుదామని స్కార్లెట్‌కు సలహా ఇస్తుంది. మంచితనం అంటే చేతగానితనం కాదని ఆ ఒక్క సీన్‌లో చూపించింది. మెలనీ అమాయకురాలనుకునేవాళ్లు ఆ సీన్ మళ్లీ చూడాలి.

ఆ పాత్రకు సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు మాత్రం అదే సినిమాలో మామీగా నటించిన హాటీ మెక్‌డానియల్‌కు దక్కింది. ఆస్కార్ గెలిచిన మొట్టమొదటి నల్లజాతి నటి ఆవిడ. ఆ రాత్రి ఏడ్చానని, కొన్నాళ్లకు మాత్రం అవార్డు చేరాల్సిన చోటికే చేరిందని సంతోషించానని ఒలీవియా తర్వాత చెప్పుకుంది.

అలాంటి నటికి సొంత స్టూడియో ఏమిచ్చింది? 1939లోనే విడుదలైన బెట్టీ డేవిస్ సినిమాలో రాణిగారి పరిచారిక వేషం. ఆ తర్వాత మళ్లీ పాత వరసే. మంచి పాత్ర కావాలంటే బయటికి వెళ్లాల్సిందే. పారమౌంట్ వాళ్లకు అప్పుగా వెళ్లి చేసిన 'హోల్డ్ బ్యాక్ ది డాన్'కు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. ఆ ఏడాది ఆస్కార్ గెలిచింది ఆమె చెల్లెలే, 'సస్పిషన్'కు జోన్ ఫాంటెయిన్. అక్కాచెల్లెళ్ల గొడవల గురించి పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. నేను అందులోకి వెళ్లను. ఇద్దరూ ఉత్తమ నటి ఆస్కార్లు గెలిచిన అక్కాచెల్లెళ్లు, అలాంటి జంట ఇంకొకటి లేదు. ఆ గొడవల కబుర్ల కింద పడి ఇద్దరి ప్రతిభా మరుగున పడిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1943 మే నెలకు ఏడేళ్లు నిండాయి. ఒలీవియా ఇక తనకు విముక్తి అనుకుంది. సస్పెన్షన్ల కింద ఇంకో ఇరవై అయిదు వారాలు బాకీ ఉన్నావంది స్టూడియో. ఆమె లాయరు మార్టిన్ గ్యాంగ్‌ను కలిసింది. ఆయన కాలిఫోర్నియా కార్మిక చట్టంలోని 2855 సెక్షన్ చూపించాడు. వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని ఏడేళ్లకు మించి బలవంతంగా అమలు చేయకూడదని అందులో ఉంది. చట్టం ఎప్పటినుంచో ఉన్నదే. ఏడేళ్లంటే క్యాలెండర్ ప్రకారం ఏడేళ్లా, లేక నటి నిజంగా పనిచేసిన రోజులు కలిపితే ఏడేళ్లా అన్నదే ప్రశ్న. స్టూడియోలన్నీ రెండో అర్థమే సరైనదన్నట్టు నడుచుకుంటూ వచ్చాయి.

ఆమె కేసు వేసింది. ఇందులో ఎంత తెగువ ఉందో ఆలోచించండి. 1936లో బెట్టీ డేవిస్ అంతటి నటి ఇదే స్టూడియోతో లండన్ కోర్టులో తలపడి ఓడిపోయింది, తిరిగొచ్చి అక్కడే పనిచేసింది. ఒలీవియా ఓడిపోతే ఇక సినిమాలు లేవు. గెలిచినా పని దొరుకుతుందన్న భరోసా లేదు. ఈమె మా ఒప్పందంలో ఉంది, పని ఇవ్వొద్దంటూ జాక్ వార్నర్ మిగతా స్టూడియోలన్నిటికీ రాశాడు. ఇరవై ఏడేళ్ల వయసులో, కెరీర్ మంచి ఊపులో ఉండగా, కెమెరా ముందుకు వెళ్లలేని రోజులు మొదలయ్యాయి. నటీమణులకు ముప్ఫై దాటితే అవకాశాలు తగ్గిపోయే పరిశ్రమలో ఆ కాలం విలువ ఎంతో సినిమా తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

1944 మార్చిలో కింది కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. వార్నర్ అప్పీలుకెళ్లింది. ఆ ఏడాది డిసెంబర్ 8న అప్పీలు కోర్టు కూడా ఆమెనే గెలిపించింది. ఏడేళ్లంటే క్యాలెండర్ ఏడేళ్లే అని తేల్చింది. నాకు అంతకంటే గొప్పగా అనిపించే భాగం ఇంకొకటుంది. ఆమె ఆ హక్కును ఒప్పందంలోనే వదులుకుంది కదా అని స్టూడియో వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఈ చట్టం ఉన్నది ప్రజాహితం కోసం, పనిచేసేవాళ్లు సంతకం పెట్టి వదులుకోవడానికి వీల్లేదంది. వదులుకోవచ్చంటే ప్రతి యజమానీ ముందే ఆ సంతకం పెట్టించుకుంటాడు, ఇక చట్టం ఉండి ఏం లాభం? 1945 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. జాక్ వార్నర్‌కు దారులన్నీ మూసుకుపోయాయి.

కేసు నడుస్తున్న కాలంలో ఆమె ఇంట్లో కూర్చోలేదు. అది యుద్ధ కాలం. అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల్లో, దక్షిణ పసిఫిక్‌లో సైనిక ఆసుపత్రులు తిరిగి గాయపడ్డవాళ్లను పలకరించింది. ఆ ప్రయాణాల్లోనే న్యుమోనియా వచ్చి తానూ ఆసుపత్రిపాలైంది.

ఈ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ ఆమె పేరుతోనే చదువుకుంటారు. 2008లో ఒక పెద్ద రికార్డింగ్ కంపెనీ మూడు కోట్ల డాలర్లకు దావా వేసినప్పుడు, నటుడు జారెడ్ లెటో రాక్ బృందం ఆసరా చేసుకున్నది కూడా ఈ ఏడేళ్ల నియమాన్నే. మరుసటి ఏడాది రెండు పక్షాలూ రాజీకొచ్చాయి.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఆమె తర్వాత చేసిన సినిమాలే. డబ్బు కోసమే పోరాడి ఉంటే, గెలిచాక ఎక్కువ డబ్బిచ్చే తేలిక వేషాలు చేసుకునేది. కానీ ఏమేం ఎంచుకుందో చూడండి. 'టు ఈచ్ హిజ్ ఓన్'లో పెళ్లికాకుండానే తల్లై, కన్నకొడుకును పరాయివాళ్ల ఇంట్లో పెరుగుతుంటే చూసే స్త్రీ. పడుచుపిల్ల నుంచి నడివయసుదాకా వయసు మారుతూ వచ్చే పాత్ర. 1946 సినిమా అది, మొదటి ఆస్కార్ తెచ్చింది. అదే ఏడు 'ది డార్క్ మిర్రర్'లో కవల అక్కాచెల్లెళ్లు, అందులో ఒకరు హంతకురాలు. 1948లో 'ది స్నేక్ పిట్', మానసిక వైద్యశాలలో ఉన్న రోగి కథ. దానికోసం ఆమె అలాంటి ఆసుపత్రులకు వెళ్లి రోగులను, అప్పటి షాక్ చికిత్సలను దగ్గరుండి చూసింది. బరువు తగ్గింది, మేకప్ మానేసింది. హాలీవుడ్ అందగత్తె తెరమీద అలా కనిపించడానికి ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నన్నడిగితే ఆమె నటనలో శిఖరం అదే. ఆస్కార్ మాత్రం ఆ ఏడు వేరొకరికి వెళ్లింది.

తర్వాత 'ది ఎయిరెస్'. బ్రాడ్‌వేలో ఆ నాటకం చూసి, దీన్ని మీరే తీయాలని దర్శకుడు విలియం వైలర్‌ను అడిగింది ఆమే. ఏడేళ్లపాటు ఇచ్చిన వేషం వేసిన నటి, ఇప్పుడు తనకు కావలసిన కథను తానే వెతుక్కుని దర్శకుడి దగ్గరికి తీసుకెళ్లింది. రెండో ఆస్కార్ దానికే వచ్చింది.

మిగతా జీవితం క్లుప్తంగా చెబుతాను. 1950లలో ఒక ఫ్రెంచి పత్రికా సంపాదకుడిని పెళ్లాడి పారిస్‌లో స్థిరపడింది, సినిమాలు తగ్గించింది. 1965లో కాన్ చిత్రోత్సవ జ్యూరీకి అధ్యక్షత వహించిన మొదటి మహిళ ఆమే. 2017లో, నూట ఒకటో పుట్టినరోజుకు ముందురోజు, తనను అనుమతి లేకుండా పాత్రగా చూపించిన ఒక టీవీ సీరియల్ మీద మళ్లీ కోర్టుకెక్కింది. ఈసారి ఓడిపోయింది. నిజజీవితంలోని మనుషుల గురించి కథలు చెప్పే స్వేచ్ఛ పోకూడదు కాబట్టి ఆ తీర్పు సబబేనని నా అభిప్రాయం. ఆవిడ పట్టుదల మీద నా గౌరవం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. 2020 జూలై 26న పారిస్‌లో కన్నుమూసింది. వయసు నూట నాలుగేళ్లు.

ఇక సినిమాకు వెళదాం. నిడివి 115 నిమిషాలు. కథ చెప్పను, ముగింపు అసలే చెప్పను. చూసేటప్పుడు ఒక్కటి గమనించండి. ఆ ఇంట్లో మెట్లున్నాయి. ఒలీవియా వేసిన కేథరిన్ ఆ మెట్లు ఎక్కే ప్రతిసారీ ఆమె నడక మారుతుంది. ఒకచోట చేతిలో పెట్టెతో పైకి వెళ్తుంది. ఆ సీన్ మళ్లీ మళ్లీ తీసి, చివరికి పెట్టెలో నిజంగానే బరువు నింపించాడు వైలర్. ఆ షాట్ వచ్చినప్పుడు ఆమె భుజాలు చూడండి. సినిమా అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం.