సర్కారు బండి పంపలేదేం?

(మానవ హక్కుల దినోత్సవం నాడు యువ న్యాయవాదుల సమావేశంలో ఒక విశ్రాంత స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. పేరుపేరునా చెప్పడం మొదలెడితే ఎవరో ఒకరి పేరు మరిచిపోతాను, ఆయన రేపట్నించీ నాతో మాట్లాడడు. అందుకని అందరికీ కలిపి ఒకటే దణ్ణం.

నాకిచ్చిన అంశం ‘సమానత్వం, మానవ హక్కులు: ప్రభుత్వ న్యాయవాది పాత్ర’. పదకొండు పేజీలు రాసుకొచ్చాను. రాజ్యాంగంలో సమానత్వం గురించిన 14వ అధికరణం, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం, 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన, అన్నీ ఉన్నాయి ఇందులో. కానీ పొద్దున కోర్టు గేటు దాటి వస్తుంటే వేపచెట్టు కింద ఒక ముసలామె సమన్ల కాగితం పట్టుకుని కూచునుంది. ఆమెను చూశాక ఈ పేజీల మీద మనసు నిలవడం లేదు. వీటిని పక్కన పెట్టి బత్తా గురించి మాట్లాడతాను. నవ్వకండి. సాక్షి బత్తా, అంటే సాక్ష్యానికొచ్చిన మనిషికి ఆ రోజు ఖర్చు కింద సర్కారు ఇవ్వాల్సిన డబ్బు.

1999లో నా దగ్గర ఒక అట్రాసిటీ కేసు, అంటే ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు, నడుస్తోంది. రోడ్డు పక్క హోటల్లో ఒక కుర్రాడు, తనకు విడిగా పెట్టిన గ్లాసు వద్దు, అందరికీ ఇచ్చే గ్లాసులోనే టీ పొయ్యమన్నాడు. అంతే. కులం పేరు పెట్టి తిట్టి, బల్లకేసి కొట్టారు. అప్పటి లెక్కలో సెక్షన్ 3(1)(10). ఇప్పుడు నంబరు మారింది, నాకు పాత నంబర్లే నోటికొస్తాయి. చూసినవాళ్ళు ఇరవై మంది. చెప్పడానికి ఒప్పుకున్నది ఒక్కరు, ఆ కుర్రాడి నాయనమ్మ. రికార్డులో ఆమె పి.డబ్ల్యు.2, ప్రాసిక్యూషన్ తరఫు రెండో సాక్షి.

ఆమె ఏడు వాయిదాలకు వచ్చింది. ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి మనవాళ్ళే కోర్టు బహిష్కరణ. రెండుసార్లు ముద్దాయిల్లో ఒకడు రాలేదని పిటిషన్. మిగతావి ఎందుకు పడ్డాయో నాకే గుర్తు లేదు. ఆమెకు మాత్రం గుర్తే, ఎందుకంటే అవి మిరపకోతల రోజులు. వాయిదాకొకసారి ఒక కూలి పోతుంది, పైన బస్సు చార్జీ. రెండు బస్సులు మారి రావాలి. నేను ఫైలు చంకలో పెట్టుకుని, ‘వాయిదా పడిందమ్మా, మళ్ళీ రా’ అనేవాణ్ణి. ఏడుసార్లూ అదే మాట.

ఎనిమిదోసారి ఆమె ఆటోలో దిగింది. ఆటో ఎవరిదో గేటు దగ్గరున్న జవానుకు కూడా తెలుసు. ముద్దాయి బావమరిదిది.

బోనెక్కింది. ‘నేను ఆ పూట ఊళ్ళో లేనయ్యా, నాకేం తెలవదు’ అంది. నేనేం చేశానో చెప్పమంటారా? మీరైనా అదే చేస్తారు. లేచి, హోస్టైల్‌గా, అంటే ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని అడిగి, నా సాక్షిని నేనే క్రాస్ ఎగ్జామిన్ చేశాను. పోలీసుల ముందు ఇట్లా చెప్పావా లేదా, ముద్దాయిలతో కుమ్మక్కయి అబద్ధం చెబుతున్నావా లేదా అని గొంతు పెంచాను. ఆమె బోను కర్ర పట్టుకుని తల దించుకుని నిలబడింది. బయటికొచ్చాక వరండాలో నన్ను ఆపింది. కోపం లేదు, ఏడుపూ లేదు.

‘అయ్యా, నువ్వు సర్కారు వకీలువి గదా. మరి సర్కారు బండి పంపలేదేం?’

జవాబు చెప్పలేదు నేను. లోపలికెళ్ళి ఇంకో కేసు పిలిస్తే నిలబడ్డాను.

ఆ కేసు కొట్టేశారు. ఆ రాత్రి అట్రాసిటీ చట్టం కింద వచ్చిన 1995 నాటి రూల్సు తీశాను. నాలుగేళ్ళుగా నా బీరువాలోనే ఉన్నాయి. 7వ రూలు నాకు కంఠస్తం: డీఎస్పీ కంటే తక్కువ స్థాయి అధికారి దర్యాప్తు చేస్తే డిఫెన్సువాళ్ళు దాన్నే పట్టుకుంటారు గనక. 11వ రూలు మాత్రం ఎన్నడూ చదవలేదు. అందులో అన్నీ ఉన్నాయండీ! సాక్షికి రానూపోనూ చార్జీ. పోయిన రోజుకి వ్యవసాయ కూలీలకు సర్కారు నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా బత్తా. సాక్షి ఆడమనిషైతే, లేదా అరవై దాటినవాళ్ళయితే, తోడుగా ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు, ఆ తోడుకీ చార్జీ ఇవ్వాలి. ఇదంతా అప్పటికప్పుడు, లేదంటే మూడు రోజుల్లోపు. ఆమె ఏ లెక్కన చూసినా అర్హురాలే. ఎనిమిది రోజుల బత్తా, ఎనిమిది రాకపోకల చార్జీ బాకీ పడ్డాం మనం. ఆ బాకీని ముద్దాయి తీర్చాడు, ఆటో రూపంలో.

ఇప్పుడొక ప్రశ్న. ఈ హాల్లో సాక్షికి బత్తా ఇప్పించమని ఒక్కసారైనా మెమో వేసినవాళ్ళు చేతులెత్తండి. ... వెనక ఒక చెయ్యి లేచింది. ఏం బాబూ? ... ఫ్యాన్ వెయ్యమంటున్నాడు. వెయ్యండి, వెయ్యండి.

తర్వాత నేను వేశాను మెమోలు. ఒక ఆఫీసుకి పంపితే బడ్జెట్ రాలేదన్నారు. ఇంకో ఆఫీసులో హాజరు ధ్రువపత్రం లేదన్నారు. అది తెస్తే బస్సు టికెట్టు జతచేయలేదన్నారు. మిరపకోతకు పోయే మనిషి బస్సు టికెట్టు దాచుకుంటుందా? చీర కొంగున ముడేసినా చెమటకి అక్షరాలు పోతాయి. ఒక గుమస్తా అయితే, ‘ఇంత చిన్న మొత్తానికి ఇంత తిరుగుడెందుకు సార్, మీరే జేబులోంచి ఇచ్చెయ్యరాదా’ అన్నాడు. చాలాసార్లు ఇచ్చాను కూడా. అది తప్పని తర్వాత తెలిసింది. నేనిస్తే దానం. సాక్షిని పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, డబ్బులిచ్చి తెచ్చుకున్నాడని క్రాస్‌లో అడుగుతారు, అడిగారు కూడా. సర్కారిస్తే హక్కు.

చుండూరు సంగతి చెప్పకుండా దిగలేను. 1991 ఆగస్టు 6. ఆ ఊళ్ళో ఎనిమిది మంది దళితులను చంపారు. కారంచేడులో దళితుల ఊచకోత జరిగి అప్పటికి ఆరేళ్ళు, అట్రాసిటీ చట్టం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర. అక్కడి బాధితులు ఒక మాట పట్టుకు కూచున్నారు: మేం కోర్టుకి రాం, కోర్టే మా ఊరికి రావాలి. వచ్చింది. ప్రత్యేక న్యాయస్థానం చుండూరులోనే పెట్టారు. ప్రాసిక్యూటర్‌గా తాము నమ్మిన లాయరే కావాలని కూడా పట్టుబట్టారు, పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ గారు ఆ బాధ్యత తీసుకున్నారు. మనమంతా దాన్ని పోరాట విజయమంటాం, నిజమే. నాకు మాత్రం ఆ కోర్టు అనగానే బస్సే గుర్తొస్తుంది. అక్కడ సాక్షి బస్సెక్కక్కర్లేదు. ఎవరి ఆటో ఎక్కాలా అని చూడక్కర్లేదు. ఇంట్లోంచి నడిచొచ్చి బోనెక్కింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. దాని మీద మొదలెడితే సాయంత్రమవుతుంది, అధ్యక్షులవారు ఇప్పటికే వాచీ చూసుకుంటున్నారు.

రెండు నిమిషాలు, అయిపోతుంది. కేసు టైటిల్లో ‘స్టేట్ వర్సెస్’ అని రాస్తాం. ఆ ముసలామె పేరు అందులో ఉండదు, మనవడి పేరూ ఉండదు. దెబ్బలు తిన్నది వాళ్ళు, ఫిర్యాది రాష్ట్రం. 2016 జనవరి నుంచి అమలైన సవరణలో అట్రాసిటీ చట్టానికి 15ఏ సెక్షన్ వచ్చింది కాబట్టి ఇప్పుడు బాధితులకు బెయిలు విచారణకు కూడా నోటీసివ్వాలి, వాళ్ళ మాట వినాలి. మంచిదే. చార్జిషీటు పడ్డాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ పూర్తిచెయ్యాలనీ చట్టంలో ఉంది. దీనికి మీరు నవ్వొచ్చు.

పీపీగా ఉద్యోగంలో చేరబోయేవాళ్ళు మీలో కొందరున్నారని కార్యదర్శిగారు చెప్పారు. మీకోసం ఒకటి తెచ్చాను. 11వ రూలు కింద బత్తా దరఖాస్తు, తెలుగులో, ఒక్క పేజీ. హాజరు ధ్రువపత్రం అదే కాగితం కింది సగంలో పెట్టాను, విడిగా లేదని తిప్పి పంపకుండా. బస్సు టికెట్టు పోయిందని సాక్షి వేలిముద్ర వేసే గడి కూడా ఉంది. యాభై జిరాక్సులు బయట టీ బల్ల మీద పెట్టాను. ఒకటి తక్కువుంటుంది. పొద్దున వేపచెట్టు కింద ఆమెకిచ్చి వచ్చాను, వాయిదా ఏ కోర్టులోనో ఆమెకే సరిగ్గా తెలియదు. టీకి వెళ్ళేటప్పుడు ఎవరైనా ఒకసారి ఆ సమన్లు చూసి చెప్పండి.