ఉజ్జీవం వస్తే మొదట అవాక్కయ్యేది పాస్టర్‌గారే!

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఇవాళ సూటిగా విషయంలోకి వచ్చేస్తా. ఉజ్జీవం, అంటే చల్లబడిన భక్తి మళ్లీ రగిలి జనం పెద్దఎత్తున దేవుని వైపు తిరగడం, దేవుడు పంపేదా, మనం ప్రార్థించి తెచ్చుకునేదా? సంఘాల్లో ఈ గొడవ మీకు కొత్తేం కాదు. ఒకరు "అంతా దేవుని చిత్తం, మన చేతుల్లో ఏముంది" అంటారు. ఇంకొకరు "నలభై రోజులు ఉపవాసం ఉండండి, ఎందుకు రాదో చూద్దాం" అంటారు. నా మాట ఒక్కటే. నిజమైన ఉజ్జీవం వస్తే అందరికంటే ముందు అవాక్కయ్యేది పాస్టర్‌గారే. ఆయన అవాక్కవ్వలేదా, అది ఆయన ప్లాన్ చేసిన ప్రోగ్రామ్. అంతే!

కోపం తెచ్చుకోకుండా కాస్త వినండి.

2023 ఫిబ్రవరి 8. అమెరికా, కెంటకీ రాష్ట్రం, యాస్బరీ యూనివర్సిటీ. ఎప్పటి పద్ధతిలోనే కాలేజీ ప్రార్థనా మందిరంలో (చాపెల్) జరిగిన ఆరాధన. వాక్యం చెప్పినాయన తన ప్రసంగం తేలిపోయిందనుకుని, ఇంటికొచ్చేస్తున్నానని భార్యకి మెసేజ్ పెట్టాడు. ఇక్కడేమో ఇరవై మంది లోపు విద్యార్థులు లేవకుండా అలాగే ఉండిపోయారు. ఆ కూడిక రెండు వారాలు దాటి సాగింది! ఎక్కడెక్కడి నుంచో వేలమంది వచ్చి బయట చలిలో క్యూ కట్టారు. ప్రసంగం చేసినాయనకే తెలియదండీ ఏం మొదలైందో!

ఇంకా వెనక్కి వెళ్దాం. 1734 చివర్లో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్. పాస్టర్ జోనాథన్ ఎడ్వర్డ్స్. ఊళ్లో జల్సాగా తిరుగుతుందని పేరుపడిన ఒక అమ్మాయి ఆయన దగ్గరికొచ్చి తన మారుమనస్సు సంగతి చెప్పింది. ఆమె మార్పు నిజమేనని ఆయనకి నమ్మకం కుదిరింది. కానీ టెన్షన్ పట్టుకుంది! ఈ సంగతి బయటికొస్తే జనం నవ్వి, ఇంకా బిగుసుకుపోతారేమోనని. జరిగింది పూర్తిగా వేరు. ఆ అమ్మాయి మార్పే ఊరిని కదిపింది. ఆరు నెలల్లో మూడు వందల మందికి పైగా రక్షణలోకి వచ్చారని తన అంచనాగా ఆయనే రాశాడు. 1737లో అచ్చయిన ఆ వృత్తాంతం పేరులోనే ‘ఆశ్చర్యకరమైన దేవుని పని’ అని ఉంటుంది. ఆశ్చర్యకరమైన! ఆ మాట నాకు చాలా ఇష్టం.

మరి ఆ ఆశ్చర్యం ఎక్కడ పోయింది? నేను పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా ఉజ్జీవ ప్రసంగీకుడు చార్లెస్ ఫిన్నీ పేరు చెప్తాను, మీలో కొందరికి నచ్చదు. ఉజ్జీవం అద్భుతం కాదు, సాధనాలను సరిగ్గా వాడితే వచ్చే ఫలితం, రైతుకి పంట వచ్చినట్టే అని 1835లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఆయన వాదించాడు. దేవుని ఆశీర్వాదం కావాలని కూడా అన్నాడు, కాదనను. కానీ జనం పట్టుకుంది ఫార్ములాని. ముందు వరుసలో ఒక బెంచీ ఖాళీగా పెట్టి, తమ పాపాల గురించి కలవరపడేవాళ్లు వచ్చి కూర్చోండి అని పిలిచే పద్ధతి ఆయన సభల్లో బాగా వాడుకలోకి వచ్చింది.

ఆ బెంచీ ఇంకా మన మధ్యే ఉంది, రూపం మారిందంతే. నేను కూర్చున్న ఒక సభలో పల్లవి ఏడోసారి మొదలైంది. కీబోర్డ్ సన్నగా వినిపిస్తోంది, లైట్లు తగ్గాయి. ప్రసంగీకుడు "ఇంకో పదిమంది ఉన్నారు, ఆత్మ నాతో చెప్తున్నాడు" అన్నాడు. ఎనిమిది మంది లేచారు. ఆయన ఆగలేదు! పది నిండేదాకా పాట ఆగలేదు! పదో మనిషి నా పక్కనే ఉన్న పెద్దాయన. లేచి నిలబడి నా వైపు చూసి, "ఇక ఇంటికి పంపిస్తారుగా" అన్నాడు. ఆ మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అదే ఫిన్నీ 1845లో ఏం రాశాడో తెలుసా? గత పదేళ్లుగా ఉజ్జీవాలు అంతకంతకూ పైపైన తేలిపోతున్నాయని. పదేళ్లు! లెక్కపెట్టండి. ఆయన ఉపన్యాసాలు అచ్చయిన దగ్గర్నుంచి!

ఇప్పుడు మీరు వెంటనే బైబిల్లో రెండో దినవృత్తాంతములు 7:14 తీస్తారు. "నా జనులు తమ్ము తాము తగ్గించుకొని ప్రార్థనచేసి" అని షరతు ఉంది కదా, మరి మన ప్రయత్నం వద్దా? చేతులు కట్టుకుని కూర్చోమంటావా? అనట్లేదు! జెకర్యా 12:10 కూడా తియ్యండి. విజ్ఞాపనచేయు ఆత్మను, అంటే మనచేత బతిమాలి ప్రార్థింపజేసే ఆత్మను, కుమ్మరించేది ఎవరు? దేవుడే. అంటే మీరు తెల్లవారుజామున మోకరించి ఏడుస్తున్నారంటే, ఉజ్జీవాన్ని లాక్కొస్తున్నారని కాదు, అది మీ దగ్గర అప్పుడే మొదలైందని! ప్రార్థన ఉజ్జీవానికి మనం కట్టే ఫీజు కాదు, దాని తొలి పంట. నా థియరీ మొత్తం ఇదే.

న్యూయార్క్, ఫుల్టన్ వీధి, 1857 సెప్టెంబర్ 23. జెరెమియా లాన్‌ఫియర్ అనే సంఘ సేవకుడు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రార్థనకి రమ్మని కరపత్రాలు పంచాడు. పన్నెండు దాటింది, ఎవ్వరూ లేరు. అరగంట ఒక్కడే. అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు. గంట ముగిసేసరికి మొత్తం ఆరుగురు. కొన్ని నెలల్లో ఆ నగరంలో రోజూ వేలమంది మధ్యాహ్నం పని ఆపి ప్రార్థించారు. గమనించండి, ఆయన కరపత్రంలో ప్రకటించింది ప్రార్థన. ఉజ్జీవం కాదు! మనమేమో ‘మూడు రోజుల ఉజ్జీవం’ అని తేదీలతో సహా అచ్చు వేస్తున్నాం. ఎవరిచ్చారండీ మనకా తేదీలు?

అపొస్తలుల కార్యములు 12 గుర్తుందా? యేసు శిష్యుడు పేతురు చెరసాలలో ఉన్నాడు. సంఘం అతని కోసం అత్యాసక్తితో ప్రార్థన చేస్తోంది. దేవుడు విడిపించాడు, పేతురు వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నది గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తియ్యడం కూడా మర్చిపోయి లోపలికి పరుగెత్తి చెప్పింది. ప్రార్థిస్తున్నవాళ్లు ఏమన్నారు? "నీవు పిచ్చిదానవు!" అడిగింది వాళ్లే, నమ్మనిదీ వాళ్లే! లోపల వాదించుకుంటున్నారు. బయట పేతురు ఇంకా తడుతూనే ఉన్నాడు.