జంట టవర్లు: జ్ఞాపకానికి టికెట్టా?

యాంకర్: నమస్కారం. న్యూయార్క్‌లో 2001 విమాన దాడుల్లో జంట టవర్లు కూలిన చోట కట్టిన సెప్టెంబర్ 11 మ్యూజియానికి టికెట్ ఎందుకన్న గొడవ మళ్లీ మొదలైంది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. టీచర్ గారూ, ముందు మీరు.

టీచర్: మేం న్యూజెర్సీ వాళ్లమండీ. మా ఊళ్ల నుంచి టవర్ల కిందికొచ్చే పాత్ ట్రైన్ దిగి ఆ పొడుగాటి ఎస్కలేటర్ ఎక్కితే...

ఇంజినీర్: కింది సంగతి కాదమ్మా. నేను దక్షిణ టవర్లో పనిచేశాను. పైకెళ్లాలంటే 78వ అంతస్తులో లిఫ్ట్ మారాలి. కిటికీ అడుగున్నరే. నిలబడితే భుజాలు రెండు పక్కలా తగిలేవి. డిజైన్ చేసిన యమసాకికి ఎత్తంటే భయం మరి!

యాంకర్: బావుంది సార్. 2014లో తెరిచినప్పుడే 24 డాలర్లు పెట్టారు. న్యాయమా?

ఇంజినీర్: టికెట్ సంగతి తర్వాత. మెట్ల చుట్టూ ఉన్నది కాంక్రీట్ కాదు, సుద్దలాంటి జిప్సం పలకల గోడ! ఉత్తర టవర్లో విమానం తగలగానే మూడు మెట్లదారులూ తెగిపోయాయి. మా దక్షిణ టవర్లో ఒకటి మిగిలింది, అది తెలిసింది కొద్దిమందికే. 56 నిమిషాల్లో టవర్...

టీచర్: నన్నొక మాట...

ఇంజినీర్: ఒక్క నిమిషమమ్మా. జిప్సం అండీ, జిప్సం!

విద్యార్థి: అంకుల్, నేను ఆ టవర్లను ఫొటోల్లోనే చూశాను. దాదాపు 1,100 మంది అవశేషాలు ఎవరివో ఇప్పటికీ తేలలేదు. అవి ఉన్నది ఆ మ్యూజియంలోనే, ఒక గోడ వెనక. అదే బిల్డింగ్‌లో గిఫ్ట్ షాపు.

యాంకర్: అంటే శ్మశానానికి టికెట్టన్నమాట!

విద్యార్థి: నేనలా అనలేదండీ. బయట టవర్లున్న చోట కట్టిన రెండు కొలనుల దగ్గరికి ఎవరైనా ఊరికే వెళ్లొచ్చు...

యాంకర్: టీచర్ గారూ, టికెట్?

టీచర్: ఇండియా నుంచి ఏ చుట్టం వచ్చినా పైనుంచి ఊరు చూపించడానికి దక్షిణ టవర్ 107వ అంతస్తుకి తీసుకెళ్లేవాళ్లం. మా అత్తగారు అంత ఎత్తున పులిహోర పొట్లం విప్పారు. గార్డ్ వద్దంటే అతనికే ఇంత పెట్టారు! అప్పుడూ టికెట్ కొనే ఎక్కాంగా?

యాంకర్: అది సరదాకి కదండీ...

ఇంజినీర్: ఆ గార్డ్ ఏ మెట్లు దిగి ఉంటాడు? అదీ ప్రశ్న!

టీచర్: ఆయన ఆ రోజు డ్యూటీలో ఉన్నాడో లేడో నాకు తెలీదండీ. ఇన్నేళ్లుగా...

ఇంజినీర్: ఉన్నా దిగలేడు. ఎందుకంటే ఆ జిప్సం...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: సార్ చెప్పింది స్పష్టంగానే ఉంది, చావుల మీద వ్యాపారం కూడదు.

ఇంజినీర్: నేను మెట్ల గురించి చెప్తున్నానయ్యా!

యాంకర్: బ్రేక్ తర్వాత కూడా సారే మాట్లాడతారు.