పల్లె బస్సు నష్టం ఎవరి పద్దు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాతో పాటు టికెట్లు కొట్టి, స్టీరింగు పట్టి రిటైరైన వాళ్లందరికీ నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది. 'ప్రభుత్వ రంగ సంస్థల లక్ష్యాలు' మీద మాట్లాడమన్నారు. పెద్ద విషయం. నాకు తెలిసింది బస్సు.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన విభాగమే మన ఆర్టీసీకి మూలం. 1958 జనవరి 11న 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఏపీఎస్ఆర్టీసీ అయింది. ఆ చట్టంలో 18వ సెక్షన్ జనానికి సరిపడా బస్సులు సమర్థంగా, పొదుపుగా నడపమంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల ప్రకారం నడుచుకోమంటుంది. నా సర్వీసంతా ఈ రెండిటి మధ్యే నలిగింది.

నేను చేసిన ఒక పల్లెవెలుగు నైట్ హాల్ట్ ఉండేది. రాత్రి తొమ్మిదికి ఊరు చేరి, బస్సులోనే దుప్పటి పరుచుకునేవాళ్లం. దోమల సంగతి వదిలేయండి. తెల్లవారి ఐదున్నరకు హారన్ కొడితే ముందు పాలక్యాన్లు ఎక్కేవి, తర్వాత కూరగాయల గంపలు, ఆ వెనక పాసుల పిల్లలు. "ఒక్క నిమిషం ఆపు నాయనా, మా కోడలు జడేసుకుంటోంది" అని ఒక పెద్దామె బస్సుకు అడ్డం నిలబడేది! ఆపేవాళ్లం. డిపోకొచ్చి ఎస్సార్, అంటే టికెట్ల లెక్క రాసే కాగితం, చూస్తే డబ్బు అంతంతమాత్రం. పాసు పిల్లలు క్యాష్‌లో కనబడరు కదా. ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చే ఆదాయం, ఎప్పుడూ అడుగునే.

నష్టాల రూటన్నారు. బెజవాడ–హైదరాబాద్ లాంటి రూట్ల డబ్బుతోనే కదా ఇవి నడిచేవి? ఆ రూట్ల మీదికి ప్రైవేటు ట్రావెల్స్ వచ్చాయి. రానివ్వండి. పాలక్యాన్ల ఊరికి ఒక్క స్లీపర్ బస్సయినా వచ్చిందా? వెనక వాళ్లు కూడా చెప్పండి!

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి వచ్చింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రలో అలాంటిదే స్త్రీ శక్తి. మంచిదే, మా చెల్లెలు తెగ తిరుగుతోంది. డబ్బు తీసుకోనప్పుడు టికెట్ కొట్టడమెందుకు? ఆ లెక్క చూపించి ప్రభుత్వం దగ్గర డబ్బు అడగాలి కాబట్టి. నిర్ణయం ప్రభుత్వానిది, పద్దూ ప్రభుత్వానిదే. నైట్ హాల్ట్‌కూ అంతే కావాలి. ఊరికి బస్సు ఉండాలనుకుంటే కిలోమీటరుకు ఇంతని నెలనెలా కట్టాలి. కట్టకుండా ఏడాది చివర సంస్థ నష్టాల్లో ఉందంటే ఎలా అండీ?

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. ఒక్క పని చేయండి. టీల దగ్గర నోటుబుక్కు పెడుతున్నాను. మీ ఊరికి ఏ బస్సు ఆగిపోయిందో, ఎన్నింటికి వచ్చేదో రాయండి. పాసుల పిల్లలు ఎంతమంది ఎక్కేవారో కూడా రాయండి.